కీబోర్డు మూగబోయింది ఎక్కడ?

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం. ఒడిశా సరిహద్దు పట్టణాల్లోని చాలా తెలుగు ఇళ్లలో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటుంది. దుకాణం లెక్కలు అందులోనే, పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులూ అందులోనే. ఆ ఇంట్లో ఇంజినీరింగ్ చదివే అమ్మాయికో అబ్బాయికో ల్యాబ్ పని కోసం లైనక్స్ కావాల్సి వస్తుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది కాబట్టి దాన్ని తీసేయడానికి వీల్లేదు. ఇక మిగిలింది విండోస్ పక్కన కొంత చోటు ఖాళీ చేసి రెండో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవడమే. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేశాక ఈ అవసరం ఇంకా పెరిగింది. టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ లేని పాత మెషీన్లు, ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు ప్రాసెసర్లున్న మెషీన్లు విండోస్ 11 అర్హతల్లోకి రావు. మెషీన్ మాత్రం బాగానే నడుస్తూ ఉంటుంది.

అలాంటి ఇంట్లో ఒక రాత్రి జరిగేది ఇలా ఉంటుంది. ఉబుంటు అనే లైనక్స్ రకాన్ని ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి మెషీన్ ఆన్ చేస్తారు. బూట్ మెనూలో బాణం కీలు చక్కగా పనిచేస్తాయి. ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో ఎంటర్ కొడితే ముందుకు వెళుతుంది. లోగో తిరుగుతుంది, ఇన్‌స్టాలర్ తెరుచుకుంటుంది, మౌస్‌తో రెండు మూడు పేజీలు దాటతారు. ‘మీ పేరు’ అన్న పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఒక్క అక్షరం పడదు. ఎంటర్ పనిచేయదు, ఎస్కేప్ పనిచేయదు. కంగారులో పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపేస్తారు. మర్నాడు రిపేరు షాపుకు తీసుకెళితే వినిపించే మాట ఒకటే: “కీబోర్డు పోయిందమ్మా, కొత్తది వేయాలి.” “నిన్న రాత్రి మెనూలో పనిచేసిందన్నా” అని ఆ అమ్మాయి అన్నా ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

అసలు పట్టించుకోవాల్సింది ఆ మాటనే. రెండు నిమిషాల ముందు మెనూలో పలికిన కీబోర్డు ఇన్‌స్టాలర్‌లో మూగబోయిందంటే వైరు తెగిందనో, కీలు అరిగాయనో అనుకోవడానికి ఆధారం లేదు. ఇలాంటి సమయంలో కీబోర్డు పోయిందా లేదా అని అడిగితే జవాబు దొరకదు. ఏ మజిలీ దాకా పలికింది, ఏ మజిలీలో ఆగింది అని అడగాలి. దీనికి జవాబు తెలిస్తే సగం వైద్యం అయినట్టే. ఖర్చు కూడా చాలాసార్లు సున్నా.

షిఫ్టు మారే చోట

జేకేపూర్ కాగితం మిల్లు చుట్టుపక్కల పెరిగినవారికి షిఫ్టు మారడం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మెషీన్ అదే, దాని దగ్గర నిలబడే మనిషే మారతాడు. వచ్చినవాడికి ఆ మెషీన్ తెలియకపోతే పని అక్కడే ఆగుతుంది. కంప్యూటర్ ఆన్ అయ్యాక కీబోర్డు విషయంలో జరిగేదీ ఇదే. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా కీబోర్డును చూసుకునే బాధ్యత కనీసం మూడు నాలుగుసార్లు చేతులు మారుతుంది.

మొదటి షిఫ్టు ఫర్మ్‌వేర్‌ది, అంటే మదర్‌బోర్డు చిప్‌లోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్‌ది. పాతవాటిలో బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. దాని దగ్గర చిన్న కీబోర్డు డ్రైవర్, అంటే కీబోర్డు మాట అర్థం చేసుకునే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. యూఎస్‌బీ కీబోర్డులు దాదాపు అన్నీ ఎలాగూ ‘బూట్ ప్రోటోకాల్’ అనే సాదా భాష మాట్లాడగలవు. నొక్కిన కీల సంగతిని ఎనిమిది బైట్లలో చెబుతాయి: షిఫ్ట్, కంట్రోల్ వంటివాటికి ఒక బైటు, ఖాళీగా ఉంచే ఒక బైటు, ఒకేసారి నొక్కగలిగే ఆరు కీలకు ఆరు బైట్లు. అందుకే ఏ కంపెనీ కీబోర్డు తగిలించినా బయాస్‌కు అర్థమవుతుంది. రెండో షిఫ్టు ఆపరేటింగ్ సిస్టమ్‌ను పైకి లేపే గ్రబ్ అనే బూట్‌లోడర్‌ది. మామూలుగా గ్రబ్‌కు సొంత కీబోర్డు డ్రైవర్ అక్కర్లేదు, ఏ కీ నొక్కారో ఫర్మ్‌వేర్‌నే అడిగి తెలుసుకుంటుంది. ఈ రెండు మజిలీల్లో కీబోర్డు పనిచేయడం అంటే నిజానికి ఒకే డ్రైవర్ పనిచేయడం.

అసలు చేతుల మార్పు దాని తర్వాత వస్తుంది. మూడో షిఫ్టు లైనక్స్ కెర్నెల్‌ది, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయది. అది మెమరీలోకి ఎక్కగానే ఫర్మ్‌వేర్‌ను ఇక సెలవు తీసుకోమంటుంది. అంతదాకా పనిచేసిన ఫర్మ్‌వేర్ కీబోర్డు డ్రైవర్ అక్కడితో సరి. ఆ క్షణం నుంచి యూఎస్‌బీ కంట్రోలర్‌ను, కీబోర్డును కెర్నెల్ తన సొంత డ్రైవర్లతో మళ్లీ మొదటి నుంచి వెతికి పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే కీబోర్డు ఎంత బాగున్నా లేనట్టే. నాలుగో షిఫ్టు డెస్క్‌టాప్‌ది. ఏ కీకి ఏ అక్షరం, ఏ లేఅవుట్, ఇన్‌పుట్ మెథడ్ ఏది అన్నవి అక్కడ తేలతాయి.

ఈ చేతుల మార్పు ఎంత గట్టిగా దెబ్బ కొట్టగలదో చూపించిన ఉదాహరణ లైనక్స్‌ది కాదు, విండోస్ 7ది. 2009లో వచ్చిన ఆ సిస్టమ్ ఇన్‌స్టాలేషన్ డిస్కులో యూఎస్‌బీ 3.0 కంట్రోలర్‌కు, అంటే ఎక్స్‌హెచ్‌సీఐకి డ్రైవర్ లేదు. అప్పటి మదర్‌బోర్డుల్లో యూఎస్‌బీ 2.0ను నడిపే పాత ఈహెచ్‌సీఐ కంట్రోలర్ కూడా ఉండేది కాబట్టి ఇబ్బంది బయటపడలేదు. 2015లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లతో వచ్చిన చిప్‌సెట్లు ఆ పాత కంట్రోలర్‌ను తీసేశాయి. ‘సీడీ నుంచి బూట్ అవడానికి ఏదైనా కీ నొక్కండి’ అన్నచోట కీబోర్డు పలికేది, ఎందుకంటే అక్కడింకా బయాస్ షిఫ్టే నడుస్తోంది. భాష ఎంచుకునే మొదటి తెర రాగానే కీబోర్డు, మౌస్ రెండూ ఒకేసారి చచ్చుపడేవి. ఎన్ని కీబోర్డులు మార్చినా ఫలితం ఉండేది కాదు. మదర్‌బోర్డు వెనక గుండ్రటి పీఎస్/2 సాకెట్ ఉన్నవాళ్లు మాత్రం మూలన పడేసిన పాత కీబోర్డు తెచ్చి తగిలించి గట్టెక్కారు. మిగిలినవాళ్లు ఇన్‌స్టాలేషన్ ఫైళ్లలోకి యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు చేర్చుకోవాల్సి వచ్చింది. పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కోసం ఇప్పటికీ విండోస్ 7ను రెండో సిస్టమ్‌గా అడిగేవారు ఉన్నారు. 2020 జనవరి 14తోనే దాని మద్దతు ముగిసింది కాబట్టి ఇంటర్నెట్‌కు కలిపే మెషీన్‌లో దాన్ని పెట్టుకోకపోవడమే మేలు. తప్పక పెట్టాల్సి వస్తే ఈ కీబోర్డు సంగతి ముందే తెలిసి ఉండాలి.

ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డు దారి వేరు. చాలా ల్యాప్‌టాప్‌లలో అది యూఎస్‌బీ మీద ఉండదు. 1987లో ఐబీఎం తెచ్చిన పీఎస్/2 పద్ధతినే ఇప్పటికీ లోపల అనుసరిస్తారు. ఐ8042 అనే పాత కంట్రోలర్ చిప్ చేసే పనిని ఇప్పుడు ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ నటిస్తూ చేస్తుంది. కీ నొక్కిన ప్రతిసారీ ఆ చిప్ ప్రాసెసర్‌కు ఒకటో నంబరు ఇంటరప్ట్ పంపుతుంది, అంటే తలుపు తడుతుంది. తలుపు తట్టే పద్ధతి ఇలా ఉంటుందని ఫర్మ్‌వేర్ పట్టికల్లో ఒకలా రాసి ఉండి, కెర్నెల్ మరోలా అనుకుంటే ఆ చప్పుడు ఎవరికీ వినిపించదు. 2022లో ఏఎమ్‌డీ రైజెన్ 6000 శ్రేణి ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు జరిగింది ఇదే. వాటిలో కొన్నింట్లో లోపలి కీబోర్డు లైనక్స్‌లో అసలు పలకలేదు, విండోస్‌లో మాత్రం నిక్షేపంగా పనిచేసింది. కెర్నెల్ రాసేవారు దాన్ని సరిదిద్దుతూ, ఫలానా మోడళ్లకు ఫలానా పద్ధతి అంటూ మినహాయింపుల పట్టికను పెంచుకుంటూ వచ్చారు. దీన్నిబట్టి తెలిసే పనికొచ్చే సంగతి ఒకటుంది. ల్యాప్‌టాప్ కొత్తదై, పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్ పాతదైతే ముందు అనుమానించాల్సింది ఆ పెన్‌డ్రైవ్‌నే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04 తొలి విడుదలలో ఉన్నది 5.15 కెర్నెల్, 24.04లో ఉన్నది 6.8. మొదటిదానిలో మూగబోయిన కీబోర్డు రెండోదానిలో ఏమీ చేయకుండానే పలకవచ్చు. స్నేహితుడి దగ్గర మూడేళ్ల క్రితం రాసిపెట్టిన పెన్‌డ్రైవ్ ఉందని దాన్నే తెచ్చుకునేవారు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

క్యాప్స్ లాక్ దీపం చెప్పేది

ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. క్యాప్స్ లాక్ నొక్కి దాని చిన్న దీపం వంక చూడాలి. ఆ దీపాన్ని కీబోర్డే వెలిగించుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. కీ నొక్కిన కబురు ఆపరేటింగ్ సిస్టమ్‌కు చేరాలి, అది ‘దీపం వెలిగించు’ అని కీబోర్డుకు తిరిగి చెప్పాలి, అప్పుడే వెలుగుతుంది. అంటే ఆ చిన్న దీపం వెలిగిందంటే దారి రెండువైపులా తెరిచే ఉందన్నమాట.

దీపం వెలిగి ఆరుతోంది, అక్షరాలు మాత్రం పడటం లేదు అంటే కీబోర్డు బాగుంది, కెర్నెల్ బాగుంది. తేడా పైన, డెస్క్‌టాప్ మజిలీలో ఉంది. కర్సర్ ఆ పెట్టెలో ఉందో లేదో చూడాలి. లేఅవుట్ చూడాలి. షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టడం వల్ల స్లో కీస్ ఆన్ అయిందేమో చూడాలి. అది ఆన్ అయితే కీని కాసేపు నొక్కి పట్టుకుంటే తప్ప అక్షరం పడదు. చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ ఆన్ అయినా ఇలాగే కంగారు పుడుతుంది. కుడిచేతి వైపు యు, ఐ, ఓ నొక్కితే 4, 5, 6 పడతాయి, జె, కె, ఎల్ నొక్కితే 1, 2, 3 పడతాయి. పాస్‌వర్డ్ పెట్టెలో అన్నీ చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఈ తప్పు కంటికి ఆనదు.

దీపం వెలగక, మౌస్ బాణం మాత్రం కదులుతుంటే సిస్టమ్ బతికే ఉంది, కీబోర్డు ఒక్కటే దానికి చిక్కలేదు. ఇది డ్రైవర్ సంగతి. దీపమూ వెలగక, మౌస్ కూడా కదలకపోతే అసలు కీబోర్డు గురించి ఆలోచించడమే దారి తప్పడం. విండోస్ 7 ఉదాహరణలోలా యూఎస్‌బీ డ్రైవరే లేని చోట తప్ప, మొత్తం సిస్టమ్ బిగుసుకుపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు చాలాసార్లు కారణం గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్. దానికి గ్రబ్‌లో ‘నోమోడ్‌సెట్’ (nomodeset) అన్న మాట చేర్చి బూట్ చేసి చూడాలి. దీపాలు వాటంతట అవే టపటపా కొట్టుకుంటుంటే అది కెర్నెల్ కుప్పకూలిందని చెప్పే గుర్తు.

గ్రబ్ మజిలీలో కూడా ఇలాంటి గుర్తు ఒకటుంది. సెకన్లు లెక్కపెడుతూ తనంతట తాను ముందుకు వెళ్లాల్సిన మెనూ ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోతోందంటే ఏదో కీ కిందికి ఇరుక్కుపోయి ఉంది. కీ నొక్కినట్టు కనిపించిన వెంటనే గ్రబ్ లెక్క ఆపేస్తుంది. ఎంపిక పట్టీ ఆగకుండా కిందికి జారిపోతున్నా అర్థం ఇదే.

పవర్ బటన్ జోలికి వెళ్లేముందు

ఈ వ్యవహారంలో నిజమైన నష్టం కీబోర్డు వల్ల జరగదు, కంగారు వల్ల జరుగుతుంది. రెండో సిస్టమ్ ఎక్కించేటప్పుడు ఇన్‌స్టాలర్ విండోస్ ఉన్న భాగాన్ని కుదించి చోటు చేస్తుంది. ఫైళ్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదులుతున్న ఆ సమయంలో పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేస్తే విండోస్ భాగం చెడిపోవచ్చు. ఇంటి లెక్కలు, ఫొటోలు, ధ్రువపత్రాల స్కాన్ కాపీలు అన్నీ ఉండేది అక్కడే. కీబోర్డు కొత్తది కొనవచ్చు, అవి కొనలేం.

కాబట్టి ఇన్‌స్టాలర్ ఏ దశలో ఉందో ముందు గుర్తించాలి. డిస్కులో మార్పులు రాయమంటారా అని అడిగి, మీరు ఒప్పుకునేదాకా డిస్కు మీద ఏమీ రాయదు. అంతకు ముందు కీబోర్డు ఆగితే నిశ్చింతగా మెషీన్ ఆపేయవచ్చు. ఒప్పుకున్నాక ఆగితే దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. మౌస్‌తోనే మిగతా పేజీలు దాటవచ్చు, పేరు, పాస్‌వర్డ్ రాయడానికి తెర మీది కీబోర్డు వాడవచ్చు. ఉబుంటులో పైన యాక్సెసిబిలిటీ మెనూలో అది ఉంటుంది. పక్కింటి డెస్క్‌టాప్ నుంచి యూఎస్‌బీ కీబోర్డు అరువు తెచ్చుకున్నా చాలు, ఇన్‌స్టాలర్ నడుస్తుండగానే తగిలించవచ్చు. గుండ్రటి పీఎస్/2 కీబోర్డును మాత్రం మెషీన్ ఆపి ఉన్నప్పుడే పెట్టాలి.

పవర్ బటన్‌ను నొక్కి పట్టడానికీ ఒక్కసారి తాకి వదలడానికీ చాలా తేడా ఉంది. తాకి వదిలితే ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు వెళుతుంది, కీబోర్డు దారిలో కాదు, వేరే దారిలో. దానికి స్పందించి మూసేయమంటారా అన్న పెట్టె వచ్చినా, తనంతట తాను పద్ధతిగా ఆగినా సిస్టమ్ బతికే ఉందని తెలిసిపోతుంది. కీబోర్డు పనిచేస్తూ తెర మాత్రం బిగుసుకున్నప్పుడు ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని ఎస్, యు, బి వరుసగా నొక్కితే రాయాల్సింది డిస్కు మీద రాసి, డిస్కును భద్రపరిచి, రీస్టార్ట్ అవుతుంది. నొక్కి పట్టి చంపేయడం కంటే ఇది ఎంతో నయం.

అసలు ఇన్‌స్టాల్ మొదలుపెట్టకముందే విండోస్‌లో చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఇది మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళుతుంది. అలా నిద్రలో ఉన్న విండోస్ భాగాన్ని లైనక్స్ వైపు నుంచి ముట్టుకోకూడదు. బయాస్‌లో ఉండే ఫాస్ట్ బూట్ వేరు. అది సమయం మిగల్చడానికి యూఎస్‌బీ పరికరాలను మేల్కొలపకుండానే ముందుకు పోతుంది, అందుకే యూఎస్‌బీ కీబోర్డుతో బూట్ మెనూ కీ ఎంత కొట్టినా పలకదు. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఒకటి ఆపి రెండూ ఆపామనుకుంటారు. రెండూ ఆపాలి.

రెండోది బిట్‌లాకర్, అంటే డిస్కుకు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్ అయి ఉంటుంది. బయాస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగు మార్చగానే తర్వాతిసారి విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ నీలం తెర మీద 48 అంకెలు కొట్టాలంటే కీబోర్డు పలకాలి, ఆ అంకెలు మన దగ్గర ఉండాలి. ముందే తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవడం మంచిది.

గ్రబ్‌లో మందు పెట్టడం

కీబోర్డు గ్రబ్ దాకా పలికి, కెర్నెల్ రాగానే మూగబోతోందనుకుందాం. ఇక్కడ అదృష్టం ఏమిటంటే, ఆ మూగతనానికి మందు రాయాల్సింది గ్రబ్‌లోనే, అక్కడ కీబోర్డు ఇంకా పలుకుతూనే ఉంటుంది. మెనూలో ఉబుంటు వరుస మీద నిలబడి ఇంగ్లిష్ ‘e’ కీ నొక్కితే కొన్ని వరుసలు తెరుచుకుంటాయి. ‘లైనక్స్’ (linux) అన్న మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి మాట చేర్చి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ మాటతో బూట్ అవుతుంది. ల్యాప్‌టాప్ లోపలి కీబోర్డుకు ప్రయత్నించాల్సిన మాటలు కొన్నే. ‘ఐ8042.రీసెట్’ (i8042.reset) ఆ కంట్రోలర్‌ను మొదట్లోనే ఒకసారి కడిగి మొదలుపెట్టమంటుంది. ‘ఐ8042.నోపీఎన్‌పీ’ (i8042.nopnp) ఫర్మ్‌వేర్ పట్టికలను నమ్మకుండా కంట్రోలర్‌ను నేరుగా వెతకమంటుంది. ‘ఐ8042.నోమక్స్’ (i8042.nomux) టచ్‌ప్యాడ్, కీబోర్డు ఒకదానితో ఒకటి చిక్కుపడే చోట పనికొస్తుంది. ‘ఐ8042.డంబ్‌కేబీడీ’ (i8042.dumbkbd) కీబోర్డు నుంచి వినడమే తప్ప దానికి ఏమీ చెప్పవద్దంటుంది. దీనితో పలికితే సంతోషమే, అయితే క్యాప్స్ లాక్ దీపం ఇక వెలగదు. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో చుక్కతో, ఎక్కడా ఖాళీ లేకుండా రాయాలి. ఒకేసారి నాలుగూ రాయకూడదు. ఒక్కొక్కటే రాసి చూస్తేనే ఏది పనిచేసిందో తెలుస్తుంది. ఇలా రాసింది ఆ ఒక్క బూట్‌కే. పనిచేసిన మాటను ఇన్‌స్టాల్ అయ్యాక గ్రబ్ సెట్టింగుల ఫైలులో రాసి, అప్‌డేట్-గ్రబ్ (update-grub) ఆదేశం ఇస్తేనే శాశ్వతమవుతుంది.

దీనికంటే ముందు చేయదగిన చిన్న పని ఒకటుంది. ల్యాప్‌టాప్ ఆపినా ఎంబెడెడ్ కంట్రోలర్‌కు బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది, అది ఎక్కడైనా చిక్కుకుంటే రీస్టార్ట్‌తో వదలదు. విండోస్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టాలి. మిగిలిన కరెంటు ఖాళీ అయి చిప్ కొత్తగా మొదలవుతుంది. ఇక్కడ నొక్కి పట్టడంలో ప్రమాదం లేదు, ఎందుకంటే మెషీన్ అప్పటికే ఆగి ఉంది.

మడతపెడితే ట్యాబ్లెట్‌గా మారే ల్యాప్‌టాప్‌లలో ఇంకో చిక్కు వస్తుంది. మడతపెట్టామని సెన్సర్ చెబితే డెస్క్‌టాప్ లోపలి కీబోర్డును కావాలనే ఆపేస్తుంది. ఆ సెన్సర్ అబద్ధం చెబితే మామూలుగా తెరిచి పెట్టినా కీబోర్డు పలకదు. బయటి కీబోర్డుతో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్లతెరకు వెళ్లి అక్కడ లోపలి కీబోర్డు కొట్టి చూడాలి. అక్కడ పలికి, డెస్క్‌టాప్‌లో పలకకపోతే దొంగ దొరికినట్టే.

వైర్‌లెస్ కీబోర్డుల గురించి రెండు మాటలు చాలు. బ్లూటూత్‌ది ఇన్‌స్టాల్ సమయంలో నమ్ముకోకూడదు. చిన్న డాంగిల్‌తో వచ్చేది పనిచేస్తుంది కానీ, దాని పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్ ఉంటే దాని రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొట్టి అక్షరాలు ఎగిరిపోవచ్చు. ఇంటెల్ 2012లోనే ఈ సంగతి వివరంగా ప్రచురించింది. డాంగిల్‌ను అవతలి వైపు పోర్టుకు మార్చండి.

క నొక్కితే క పడటం కూడా చిక్కే

తెలుగువారికి ప్రత్యేకంగా వచ్చే ‘చచ్చిన కీబోర్డు’ ఒకటుంది, దాని గురించి ఇంగ్లిష్ పాఠాల్లో కనిపించదు. ఇన్‌స్టాలర్‌లో లేఅవుట్ అడిగినప్పుడు అభిమానంతో తెలుగు ఎంచుకుంటాం. పర్లాకిమిడిలో ఒడియా మీడియంలో చదివిన పిల్లలైతే ఒడియా ఎంచుకుంటారు. తర్వాత యూజర్ పేరు పెట్టెలో కీలు కొడితే అది ఒప్పుకోదు, ఎందుకంటే అక్కడ ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెల వంటివే చెల్లుతాయి. టెర్మినల్‌లో ఏ ఆదేశం కొట్టినా అర్థం కాలేదంటుంది. కీబోర్డు పాడైందని అనిపిస్తుంది, పాపం అది చెప్పినట్టే చేస్తోంది.

అవి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్లు. అందులో ‘కె’ అని ముద్రించిన కీ నొక్కితే క, ‘ఎల్’ కీ నొక్కితే త, ‘హెచ్’ కీ నొక్కితే ప వస్తాయి. గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు. ఇందులోని అందం ఏమిటంటే లేఅవుట్ ఒడియాకు మార్చినా అదే కీకి ఒడియా క, హిందీకి మార్చినా హిందీ క. ఒక లిపిలో వేళ్లు అలవాటైతే మరో లిపి కొట్టడానికి కొత్తగా నేర్చుకునేది కొంచెమే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగ దరఖాస్తుల్లో హిందీ, ఇంగ్లిష్ వాడే ఈ జిల్లాలకు ఇంతకంటే తగిన కీబోర్డు పద్ధతి ఇంకొకటి లేదు. గుణుపూర్ పరిసరాల సవరల కోసం 1936లో మంగేయి గొమాంగొ రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి కూడా 2012లో యూనికోడ్‌లో చేరింది. ఈ గడ్డ మీద ఒక కీబోర్డు ఎన్ని భాషలు మోయాలో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అయినా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం మొదటి లేఅవుట్ ఇంగ్లిష్‌దే ఉంచాలి. తెలుగును తర్వాత రెండోదిగా చేర్చుకుని సూపర్, స్పేస్ నొక్కి మార్చుకోవచ్చు. సూపర్ అంటే విండోస్ గుర్తున్న కీ. లేఅవుట్ పేజీలోనే కొట్టి చూసుకోవడానికి ఒక పెట్టె ఉంటుంది, పాస్‌వర్డ్‌లో వాడబోయే గుర్తులన్నీ అక్కడ ఒకసారి కంటికి కనిపించేలా కొట్టి చూడాలి. లాగిన్ తెరలో పాస్‌వర్డ్ తప్పంటుంటే మూలన ఉన్న భాష గుర్తు ముందు చూడాలి. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. అది రహస్యం కోసం, కీబోర్డు ఆగినందుకు కాదు. కొట్టేసి ఎంటర్ నొక్కాలి.

ఇవన్నీ తప్పించుకునే తేలిక దారి ఇన్‌స్టాల్ బదులు ముందు ‘ట్రై’ ఎంచుకోవడం. పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడుస్తుంది, డిస్కు ముట్టుకోదు. ఎడిటర్ తెరిచి పై వరుస నుంచి కింది వరుస దాకా ప్రతి కీ కొట్టాలి, ఒకసారి మూత మూసి తెరిచి మళ్లీ కొట్టాలి, వై-ఫై కలుస్తుందో చూడాలి. పావుగంట పని. ఇక్కడ పలికిన కీబోర్డు ఇన్‌స్టాల్ అయ్యాక కూడా పలుకుతుంది. ఒక మినహాయింపు ఉంది, డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నవారిది. పాస్‌ఫ్రేజ్ అడిగే తెర డెస్క్‌టాప్‌కు చాలా ముందు వస్తుంది, అక్కడికి కావాల్సిన కీబోర్డు డ్రైవర్ తొలి బూట్ ఇమేజ్‌లో, అంటే కెర్నెల్‌తో పాటు మొదట ఎక్కే చిన్న ఫైళ్ల మూటలో లేకపోతే ఆ ఒక్క తెర దగ్గరే కీబోర్డు మూగబోతుంది. ఆ డ్రైవర్‌ను ఇమేజ్‌లో చేర్చి మళ్లీ తయారుచేస్తే సరిపోతుంది.

ఇక బయాస్ సెటప్‌లోనే పలకని లోపలి కీబోర్డు ఉంటుంది చూడండి, దానికి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనూ సంబంధం లేదు. అదే మెషీన్‌కు బయటి యూఎస్‌బీ కీబోర్డు పెడితే పలికి, లోపలిది ఎక్కడా పలకకపోతే అప్పుడే షాపు మెట్లెక్కాలి. అక్కడ కూడా వెంటనే కొత్తది వేయమనకూడదు. కీబోర్డు కింద నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే పలుచటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ బిగింపు వదులైతే కేబుల్ వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. వానాకాలం తేమకు దాని మొనలకు మకిలి కూడా పడుతుంది. ఆ కేబుల్ తీసి, మొనలు తుడిచి, తిన్నగా పెట్టి బిగించి, బయాస్‌లో ఒకసారి చూపించమని అడగాలి.